కుందుర్పి దారిలో సగం చెప్పిన కథ

బయల్దేరే ముందు రోజు నా సంచిలోంచి చున్నీలన్నీ తీసేశాను. నాడాలున్న పైజామాలు, పిన్నీసులు, చిన్న అద్దం, గాజు సీసాలో ఉన్న కొబ్బరినూనె కూడా తీసేశాను. ఆసుపత్రి వాళ్ళు పంపిన, తేకూడని వస్తువుల జాబితా ఫోనులో ఉంది గానీ దాన్ని తెరవలేదు. ఎనిమిదేళ్ళ క్రితం, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, గుంటూరులో ఒక ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని మా అమ్మ నా సంచిలోంచి ఇవే వస్తువులు ఒక్కొక్కటిగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ జాబితా నాకు నోటికి వచ్చు.

ఈసారి మంచం పక్కన కూర్చునే మనిషిగా వెళ్తున్నాను. అనంతపురం జిల్లాలో, కుందుర్పి వెళ్ళే దారిలో, మనసు జబ్బులకు ఒక చిన్న ఆసుపత్రి ఉంది. పేరు రాయను, అక్కడి పిల్లలకు మాటిచ్చాను. పదహారు నుంచి ఇరవై నాలుగేళ్ళ వాళ్ళకు అందులో విడిగా ఒక వార్డు. ఒకప్పుడు ఇలాంటి మంచం మీద ఉండి, కోలుకుని, ఇప్పుడు అక్కడున్న వాళ్ళకు తోడుగా ఉండే మనిషి కావాలన్నారు. మందులివ్వడం, సూదులు వేయడం ఆ పనిలో లేవు. కూర్చోవాలి, వినాలి, అవసరమైతే మన సంగతి చెప్పాలి. విజయవాడలో పది రోజులు శిక్షణ ఇచ్చారు. ముందు ఐదు రోజులు ఉండి చూడమన్నారు. కుదిరితే నెలకొక వారం పని.

మా మిన్నుకు రెండున్నరేళ్ళు. పుట్టాక దాన్ని ఒక్క రాత్రి కూడా విడిచి ఉండలేదు. వెళ్ళి ఏం చేశావని అడిగినవాళ్ళందరికీ తలా ఒక ముక్క చెప్పి ఊరుకున్నాను. అది నిద్రపోయాక, రోజుకు కాస్త చొప్పున, మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మా అత్తయ్య వెళ్ళొద్దనలేదు. పక్కింటి వాళ్ళకు మాత్రం పుట్టపర్తి వెళ్తున్నానని చెప్పింది. "వచ్చేటప్పుడు ఒక విభూతి పొట్లం తే. మర్చిపోకు," అంది.

ధర్మవరం

రైలు తెల్లవారాక దింపింది. స్టేషను బయట ఒక పెద్దావిడ బండి మీద ఉగ్గాని అమ్ముతోంది. బొరుగులు నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ముప్పై రూపాయలు. మేం వీటిని మరమరాలంటాం, పిల్లలకు చిరుతిండిగా పెడతాం. ఇక్కడ పనికి వెళ్ళే మగవాళ్ళు నిలబడి రెండేసి ప్లేట్లు తింటున్నారు.

"యాడి నుంచి వచ్చినావు పాపా?" అంది ఆవిడ.

"తెనాలి అండి."

"ఆ, నీళ్ళుండే ఊరు." ఆవిడకు మా ఊరి గురించి తెలిసింది అంతే, తెలియాల్సింది కూడా అంతే అన్నట్టు తల ఊపింది. "తిను. కారమని పక్కన పెట్టగాకు."

సగం తిని ఇంటికి ఫోను చేశాను. మా ఆయన శ్రీకాంత్ ఎత్తాడు. "లేచింది. పాలు తాగింది. నువ్వెక్కడని అడగలేదు," అన్నాడు. ఆ చివరి మాట నన్ను ఊరడించడానికే అన్నాడు. నాకు అదే గుచ్చుకుంది. మిగిలిన ఉగ్గాని లోపలికి దిగలేదు.

కల్యాణదుర్గం బస్సులో

పక్క సీట్లో తెల్లటి తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఊరు దాటగానే అడిగాడు. "యాడికి పోతాండావమ్మా?"

నాలుగు రోజులుగా అలవాటైన మాట నోట్లోంచి జారిపోయింది. "పుట్టపర్తికండి."

ఆయన నన్నొకసారి చూసి, లేచి నిలబడి, కండక్టరును కేకేశాడు. "ఏమప్పా, ఆపు, ఆపు. ఈ పాప పుట్టపర్తికి పోవల్లంట. ఈ బస్సెక్కింది."

"టికెట్టు కల్యాణదుర్గానికి తీసుకునింది గదన్నా."

"తెలీక తీసుకునింటాది. కొత్త మనిషి. నీవు అడగల్ల."

బస్సు ఆగింది. వెనక సీటావిడ అప్పటికే నా సంచి పైనుంచి దించేసింది. "దిగమ్మా. ఆపక్క నిలబడుకుంటే ఆటో వస్తాది. ఆలస్యమైతే దర్శనం దొరకదు."

కిటికీ బయట ఎర్ర నేల, బండరాళ్ళు, ఒక కంపచెట్టు. దిగాలి, లేదా చెప్పాలి. బస్సులో ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు.

"పుట్టపర్తికి కాదండి. కుందుర్పి దారిలో మనసు బాగాలేని వాళ్ళ ఆసుపత్రి ఉంది కదా. అక్కడికి."

వెనక సీటావిడ నా సంచి పట్టుకుని అలాగే నిలబడింది.

"అట్ల చెప్పల్ల గదా మొదుటే," అన్నాడు పెద్దాయన, తిరిగి కూర్చుంటూ. "నా తమ్ముని కూతురు ఆడనే బాగైంది. ఇప్పుడు పామిడిలో బట్టలంగట్లో పని చేస్తాండాది. పోనీప్పా బస్సు."

సంచి మళ్ళీ పైకెక్కింది. కాసేపటికి ఆయన జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి నా ఒళ్ళో గుప్పెడు పోశాడు. "ఎవుర్నన్నా చూసేకి పోతాండావా?"

"లేదండి. ఒకప్పుడు నేనూ అలా ఉన్నదాన్నే. ఇప్పుడు వాళ్ళకు తోడుగా ఉండడానికి."

"మంచి పని. మరి పుట్టపర్తి అని యాల చెప్పినావు?"

శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

వార్డు

గేటు దగ్గర ఖాసింబీ నా సంచి విప్పింది. వార్డు ఆయా, యాభై దాటిన మనిషి, వెడల్పాటి చేతులు. అడుగు దాకా తడిమి, "ఏమీ ల్యా. అన్నీ తెలిసిన దాని మాదిరుండావే," అంది. నా మాత్రల అట్ట మాత్రం చేతికి తగిలింది. "ఇవి?"

"నావేనండి. పొద్దున ఒకటి."

"ఆఫీసు బీరువాలో పెడతా. అడిగి తీసుకో."

మా వైపు ఆసుపత్రుల్లో రోగి మంచం కింద ఇంట్లోవాళ్ళు చాప వేసుకుని ఉంటారు. ఈ వార్డులో ఉండరు, ఆదివారాలు వచ్చి చూసి వెళ్తారు. అందుకే తోడు మనిషి కావాల్సి వచ్చింది. డాక్టరమ్మ నాకంటే పదేళ్ళు పెద్దదేమో. గట్టి నియమం ఒకటే చెప్పింది. "ఇక్కడ ఎవరి గురించి ఏం చెప్పాలన్నా, ఏం రాయాలన్నా, వాళ్ళ ఎదుటే. నేనైనా, మీరైనా."

ఆడపిల్లల వైపు ఆరుగురు. చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. నేను నా పేరు చెప్పాను, తోడుగా వచ్చానని చెప్పాను. గోడ గడియారం ముల్లు కదలడం వినబడుతోంది. శిక్షణలో రాసుకున్న పుస్తకం నా సంచిలోనే ఉంది. మొదటి పేజీలో నా చేత్తోనే రాసుకున్నాను: నీ కథ వాళ్ళకు పనికొచ్చినంతే చెప్పు. ఆ క్షణంలో నాకు అది గుర్తు రాలేదు. వీళ్ళు నన్ను ఇష్టపడాలి, అదొక్కటే అనిపించింది.

అందుకని వాళ్ళను నవ్వించే కథ చెప్పాను. గుంటూరులో సిస్టరు రోజూ నా ముందు నిలబడి మాత్ర వేసేది. నేను దాన్ని నాలుక కింద దాచి, నోరు తెరిచి చూపించి, ఆవిడ అటు తిరగగానే బాత్రూములో ఊసేసేదాన్ని. ఆవిడ నా బుద్ధిమంతురాలి వేషం చూసి పక్క మంచాల వాళ్ళకు నన్నే చూపించి నేర్చుకోమనేది. ఆవిడ నడక, ఆవిడ కళ్ళజోడు సర్దుకోవడం, అన్నీ చేసి చూపించాను. ఒక అమ్మాయి చున్నీ లేని భుజం మీదికి తల వాల్చి నవ్వింది. ఇంకో అమ్మాయి, "మళ్ళా చెప్పక్కా," అంది.

గోడకు ఆనుకున్న అమ్మాయి నవ్వలేదు. తలెత్తి చూసింది. భవాని. పదిహేడేళ్ళు. ధర్మవరంలో పట్టు చీరలు నేసేవాళ్ళ బిడ్డ.

"నిజంగా కనిపెట్టల్యా అక్కా?"

"లేదు," అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఎన్ని దినాలు?"

"పది రోజులు."

మళ్ళీ తల దించుకుంది. మొదటి రోజే ఆ అమ్మాయి చేత మాట్లాడించానని ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను.

రెండో రోజు, సంగటి

స్నానానికి మనిషికి ఒక బకెట్టు. ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తుంది. నేను స్నానం చేసి అడుగున మిగిలిన నీళ్ళు తూములో పారబోశాను. ఖాసింబీ గుమ్మంలోంచే చూసింది. "కాలవ గట్టున పుట్టిన దానివని ఇంగ ఎవురూ చెప్పనక్కర్లేదు," అంది. ఆ తర్వాత మిగిలిన చెంబెడు నీళ్ళు వాకిట్లో నిమ్మమొక్కకు పోయడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నం రాగి సంగటి, నంజుకోను శనక్కాయల పచ్చడి, ఊరిబిండి అంటారు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని నములుతున్నాను. అది పళ్ళకు అంటుకుంటోంది గానీ తగ్గడం లేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయిలు ఒకరినొకరు పొడుచుకున్నారు.

"నమల్తాండాది సూడు."

"నమలగూడదక్కా. మింగల్ల. ఊరిబిండిలో అద్దుకోని, అట్లనే మింగల్ల."

మింగాను. గొంతులో అడ్డం పడి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఖాసింబీ వీపు మీద చరిచింది. భవాని మొదటిసారి నవ్వింది, చేతి వెనక.

భవాని కుడిచెయ్యి ఎప్పుడూ ఊరుకోదు. బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీద ఒకటి మెలితిరుగుతూ ఉంటాయి. ఆమె కాగితాల్లో "చేతి వణుకు" అని రాసి ఉందట. "వణుకు కాదు, పాడు కాదు," అంది ఖాసింబీ. "మా చెల్లెల్ని ధర్మవరంలో ఇచ్చినాం. అది మగ్గం పని."

భవానిని అడిగితే చూపించింది. "పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులు దానికి అతకల్ల. ఒక్కొక్క పోగు, ఇట్ల మెలిపెట్టి. వేల పోగులుంటాయి. మా నాయన కంటే నేనే బిర్న చేస్తా." గాలిలో లేని పోగును పట్టుకుని మెలిపెట్టి వదిలేసింది. దారం వార్డులోకి రానివ్వరు. వేళ్ళు మర్చిపోతాయేమోనని రోజంతా అలా చేసుకుంటోంది.

తన జబ్బు గురించి కూడా తనే చెప్పింది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎవరో పేరు పెట్టి తిట్టడం వినిపించేది. తర్వాత అన్నం తింటున్నా, పడుకున్నా వినిపించేది. ఇక్కడికి వచ్చి నాలుగు వారాలు.

"ఇప్పుడు?"

"దూరం పోయింది. మొదుట్లో చెవిలోనే ఉండె. ఇప్పుడు వీధి చివర ఉండాది."

ఇంకొన్ని వారాలు మాత్రలు సరిగ్గా వేసుకుంటే ఆ వీధి కూడా దాటుతుందని డాక్టరమ్మ నమ్మకం. దసరా లోపల ఇంటికి పంపాలని అనుకుంటున్నారు.

మూడో రోజు

ఫోను సాయంత్రం అరగంటే ఇస్తారు. ఆ రోజు పొద్దున్నే ఆఫీసు ఫోనుకు శ్రీకాంత్ చేశాడు. మిన్నుకు జ్వరం. నూట ఒకటి. అత్తయ్య తడిగుడ్డ వేస్తోంది, డాక్టరుకు చూపించారు, కంగారు పడొద్దు.

నేను కంగారు తప్ప ఇంకేం పడలేదు. ఆ రోజంతా నా కళ్ళు ఆఫీసు తలుపు మీదే ఉన్నాయి. మధ్యాహ్నం చాప మీద కూర్చున్నప్పుడు భవాని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. సంగటి ముట్టలేదు. చూశాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. లేచి వెళ్ళి, జ్వరం ఎంతుందో మళ్ళీ కనుక్కోవచ్చా అని ఆఫీసులో అడిగాను.

ఆ రోజు నేను తోడుగా ఉన్నది ఒక ఫోనుకే.

నాలుగో రోజు, గాలిమర కింద

సాయంత్రం ఐదింటికి ఆడపిల్లలను గేటు బయటికి నడకకు తీసుకెళ్తారు. దూరంగా గుట్టల మీద గాలిమరలు వరసగా తిరుగుతుంటాయి. వాటివైపు ఒక మట్టిదారి. ముందు ఖాసింబీ, మధ్యలో ఆరుగురు, వెనక నేను. వెనక ఉన్నవాళ్ళ పని తలలు లెక్కపెట్టుకోవడం. పాపకు జ్వరమని ఆ రోజు నా ఫోను నాకే ఇచ్చారు.

ఫోను మోగింది. ఆగి, గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాను. జ్వరం తగ్గింది, బిస్కెట్టు అడిగి తింది. ఒక నిమిషం కూడా మాట్లాడలేదు. తలెత్తి చూస్తే దారి మీద ఐదుగురే ఉన్నారు.

ఖాసింబీ నన్ను తిట్టలేదు. దానికే ఎక్కువ భయమేసింది. "నేను వీళ్ళను లోపలికి తోల్తా. నీవు రోడ్డు పక్కకు పో. పరిగెత్తు," అంది.

రోడ్డెక్కాను. రెండు వైపులా చెట్టు లేదు, మనిషి లేడు. టమాటా పెట్టెలతో వస్తున్న ఆటో నా ముందు ఆగింది. నేను అడగకముందే డ్రైవరు, "ఆసుపత్రి పాపనా? చెప్పుల్లేకుండా పోతాండె. ఎక్కక్కా," అన్నాడు. టమాటా పెట్టెలకూ డ్రైవరు వీపుకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఎంత దూరం వెళ్ళామో తెలియదు. మిన్ను మొహమూ భవాని మొహమూ ఒకటే అయిపోయి కనిపించాయి.

రెండో గాలిమర మొదట్లో, సిమెంటు దిమ్మెకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాల నిండా పల్లేరు ముళ్ళు. డ్రైవరు ఆటో దూరంగా ఆపి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. మర రెక్కల నీడ మా మీదుగా పోతోంది, వస్తోంది. పైన ఒక ఊపిరి లాంటి చప్పుడు. నేను పక్కన కూర్చున్నాను.

"వాకిట్లోకి వచ్చింది అక్కా," అంది.

ఏమిటని అడగక్కర్లేదు. "ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి. ఈ చప్పుడుంటే అది సరిగ్గా ఇనపడదు. అందుకే వస్తి."

ముళ్ళు తీయడం మొదలుపెట్టాను. కాలు లాక్కోలేదు. కాసేపటికి తనే చెప్పింది. "మాత్రలు మింగల్యా. మూడు దినాలాయ. నీవు చెప్పినట్లే చేసినా. ఖాసింబీ అమ్మ కూడా కనిపెట్టల్యా."

నా చేతిలో ముల్లు ఉంది. దాన్ని ఎక్కడ పడేయాలో తెలియలేదు.

"ఎందుకు భవానీ?"

"చేతి ఏళ్ళు మొద్దుబారినాయక్కా. మాత్ర ఏసుకుంటే పోగు పట్టుకున్నట్లే ఉండదు. ఇంటికి పోయినాక పని చేయలేకుంటే నన్నేం చేసుకుంటారు? నీవు పది దినాలు మింగకుండా ఉండి బాగనే ఉండావు గదా. బిడ్డ కూడా ఉండాది."

మా మీదుగా నీడ నాలుగైదు సార్లు పోయింది.

"డాక్టరమ్మకు చెప్పగాకు. నీవు నీ సిస్టరుకు చెప్పల్యా గదా."

చెప్పకుండా ఉండడం చాలా తేలిక. రేపు బయల్దేరిపోతాను. ఈ అమ్మాయి ఈ రాత్రి నుంచి మింగితే ఎవరికీ తెలియదు. మింగకపోతే, నేను తెనాలిలో ఉంటాను. చెబితే ఈ పని పోతుంది. మనసు బాగాలేని దాన్ని తెచ్చి పిల్లల మధ్య కూర్చోబెడితే ఇలాగే ఉంటుందని ఎవరైనా అనడానికి మొదటి సాక్ష్యం నేనే అవుతాను.

"చెప్తాను," అన్నాను. "నీ ఎదుటే చెప్తాను. నేను చేసింది కూడా."

తను లేచి నిలబడింది. "నిన్ను నమ్మితి," అంది. ఆటోలో టమాటా పెట్టెల మీద ఎక్కి కూర్చుంది, నా పక్కన చోటున్నా.

ఎదుటే

డాక్టరమ్మ గదిలో మూడు కుర్చీలు. భవాని పాదాలకు మందు రాసి ఉంది. నేను మొదటి రోజు చాప మీద చెప్పిన కథ చెప్పాను, సిస్టరు నడక తప్ప. ఆ తర్వాత గాలిమర కింద విన్నది చెప్పాను.

డాక్టరమ్మ భవాని వైపు చూసి, "ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పు," అంది. భవాని తల అడ్డంగా ఊపింది.

అప్పుడు నన్ను అడిగింది. "పది రోజులన్నారు. పదకొండో రోజు ఏమైంది?"

ఆ ముక్క నేను చాప మీద చెప్పలేదు. నిజానికి ఎక్కడా చెప్పను. ఆ గదిలో చెప్పాను. పదకొండో రోజు మా అమ్మ క్యారియరులో పప్పన్నం తెచ్చింది. ఆవిడ మా అమ్మలా కనిపించలేదు. అన్నంలో ఏదో కలిపిందని నాకు ఖాయంగా తెలిసిపోయింది. క్యారియరు ఎత్తి ఆవిడ మొహాన కొట్టాను. ఆరు కుట్లు పడ్డాయి. నేను ఇంకో రెండు నెలలు అక్కడే ఉన్నాను, డిగ్రీలో ఆ ఏడాది పోయింది. అప్పటి నుంచి రోజూ ఒక మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు మా అమ్మ మిన్నును ఎత్తుకున్నప్పుడల్లా అది ఆవిడ కనుబొమ మీద మచ్చను వేలితో తడుముతుంది. ఏమిటిది అని అడిగితే మా అమ్మ, జారిపడ్డానులే తల్లీ అంటుంది.

భవాని నన్నే చూస్తోంది.

"ఈ మాట మొన్ననే చెప్పల్ల గదా," అంది.

"చెప్పాల్సింది."

"నవ్వేది మాత్రం చెప్పినావు."

"అవును."

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని, ఎందుకు మానేశావని భవానినే అడిగింది. భవాని వేళ్ళ సంగతి చెప్పింది. డాక్టరమ్మ రాస్తూ, రాసేది పైకి చదివింది. "చేతి వణుకు అని ఇదివరకు రాసినది పొరపాటు. మగ్గం పని సాధన. మందు వల్ల వేళ్ళు మొద్దుబారుతున్నాయని చెబుతోంది. మోతాదు మార్చి చూడాలి." ఆగి, "ఇది నేను నిన్ను అడగాల్సింది, అడగలేదు," అంది భవానితో. తర్వాత నాతో, "మీ సంగతి రేపు," అంది.

చివరి పూట

పొద్దున ఎనిమిదింటికి మాత్రల వరస. సిస్టరు చేతిలో మాత్ర వేస్తుంది, ఖాసింబీ గ్లాసుతో నీళ్ళిచ్చి, నాలుక ఎత్తించి చూస్తుంది. నిన్నటి దాకా పైపైన చూసేది. ఈ రోజు చేతిలో టార్చి ఉంది. నేను రోజూ ఆ సమయానికి ఆఫీసులోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, నా మాత్ర వేసుకుని వచ్చేదాన్ని. ఇంట్లోనూ అంతే, బాత్రూములో వేసుకుంటాను.

భవాని వంతు వచ్చింది. మాత్ర అరచేతిలో పెట్టుకుని నిలబడింది. ఖాసింబీ, "కానీ పాపా," అంది. భవాని ఆవిడ వైపు చూడలేదు.

"ఆమెది యాడ?"

"ఎవురిది?"

"తోడక్కది. ఆమె కూడా ఏసుకుంటాది గదా. వరసలో ఎప్పుడూ ల్యాదు."

వరసంతా నా వైపు తిరిగింది. ఆఫీసులోకి వెళ్ళి నా మాత్ర తెచ్చుకున్నాను. వరస చివర నిలబడబోతే ఖాసింబీ, "ఈడికి రా, ముందుకు," అంది. వాళ్ళందరి ముందు మాత్ర నోట్లో వేసుకున్నాను. గొంతు ఎండిపోయి అది అక్కడే ఆగింది.

"నమలగూడదక్కా," అని వరసలోంచి ఎవరో అన్నారు. "మింగల్ల."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మింగాను.

"నాలుక ఎత్తు," అంది ఖాసింబీ. టార్చి వేసి చూసింది. "ఇంగా ఎత్తు. ఈపక్క. ఆపక్క." అందరి కంటే నన్నే ఎక్కువసేపు చూసింది. "సరే, పో."

భవాని తన మాత్ర వేసుకుంది. నీళ్ళు తాగింది. నోరు తెరిచి, ఖాసింబీకి కాక నాకు చూపించింది. కళ్ళల్లో స్నేహమేమీ లేదు. చూశాను. ఏమీ లేదు.

తర్వాత చాప మీద అందరికీ పదకొండో రోజు కథ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక అమ్మాయి మా అమ్మ పేరేమిటని అడిగింది. చెప్పాను.

బయల్దేరేటప్పుడు డాక్టరమ్మ, "వచ్చే నెల రండి," అంది. "కథ మొత్తం చెప్పండి. లేకపోతే అసలు చెప్పకండి." గేటు దాటి వెనక్కి చూశాను. కిటికీలో భవాని కూర్చుని ఉంది. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి.

తెనాలి

ధర్మవరంలో పుట్టపర్తి బస్సు ఎదురుగానే ఆగి ఉంది. రైలుకు చాలా టైముంది. విభూతి పొట్లం గుర్తొచ్చింది. ఎక్కలేదు. పెద్దావిడ బండి దగ్గర ఉగ్గాని తిన్నాను, ఈసారి మొత్తం.

మిన్ను నన్ను చూసి మొహం తిప్పుకుంది. అరపూట నా దగ్గరికి రాలేదు. సాయంత్రానికి వచ్చి ఒళ్ళో కూర్చుంది గానీ కొంగు మాత్రం వదల్లేదు, ఇప్పటికీ వదలడం లేదు. మాత్రల అట్ట బాత్రూములోంచి తీసి వంటింట్లో, దానికి అందని పై అరలో, పప్పు డబ్బా పక్కన పెట్టాను. అత్తయ్య చూసింది.

నేను ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు పొద్దున ఫోను మోగింది. వంటింట్లో అత్తయ్య, పక్కింటి పిన్నిగారు కూరగాయలు తరుగుతున్నారు. పుట్టపర్తిలో ఎండలెలా ఉన్నాయని పిన్నిగారు అప్పుడే అడుగుతోంది.

"నేను, ఖాసింబీ. నీకొక సంగతి చెప్పల్ల. ఉండు, అది లేకుండా చెప్పేకి ల్యాదు. పిలుస్తా." కాసేపు వార్డు చప్పుళ్ళు. "వచ్చింది, నా పక్కనే ఉండాది. అమ్మా, ఈ పాప ఏళ్ళు మళ్ళా కదుల్తాండాయి. మోతాదు తగ్గించినారు. నిన్న సంగటి రెండు ముద్దలు తినింది. అంతే. ఇంద, నీవే మాట్లాడు."

ఊపిరి వినిపించింది. తర్వాత భవాని గొంతు. "ఇంగా వాకిట్లోనే ఉండాది అక్కా. కానీ గేటు కాడికి పోయింది."

"సరే," అన్నాను.

"మాత్ర మింగినావా?"

"ఇప్పుడే."

"నాలుక ఎత్తు."

అది మామూలు ఫోను, అవతలికి ఏమీ కనబడదు. అయినా పిన్నిగారి ఎదుటే, అత్తయ్య ఎదుటే, నోరు తెరిచి నాలుక ఎత్తాను. కొంగు పట్టుకుని నిలబడ్డ మిన్ను మునివేళ్ళ మీద లేచి నా నోట్లోకి తొంగిచూసింది.

"ఏమీ లేదు," అంది ఫోనుకు వినబడేలా.

"ఎవరమ్మా?" అంది పిన్నిగారు, కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి. నేను నోరు మూసుకునేలోపల అత్తయ్య జవాబు చెప్పింది.

"ఆసుపత్రి నుంచి. మా అమ్మాయి అక్కడ పని చేస్తోంది."